బాయిలర్ ముల్లు

"ఆ వాల్వ్ కట్టేశావా లేదా? అదొక్కటి చెప్పు నాకు."

అత్తను ఎక్కించుకున్న అంబులెన్స్ వీధి దిగువకు ఇంకా చేరనే లేదు. అప్పుడే అడిగాడు మొగుడు గ్లిన్. డెలిత్ స్కూలు వంటింటి ఏప్రన్‌తోనే నిలబడి ఉంది. ఫోన్ రాగానే చేతికంటిన పిండి కూడా కడుక్కోకుండా కొండవీధి అంతా ఎక్కి పరిగెత్తుకొచ్చింది. వచ్చేసరికి అత్త ఓల్వెన్ పెరట్లో, వంటింటి గుమ్మం ముందున్న రాతిమెట్టు పక్కన, ఒంటి మీద రెండు దుప్పట్లతో పడి ఉంది. పిట్టలకని తెచ్చిన రొట్టె అంచులు చుట్టూ చెదిరి ఉన్నాయి. మెట్టు మీదంతా గాజు కరగబోసినట్టు మంచు. గోడలోంచి బయటికి పొడుచుకొచ్చిన బాయిలర్ రాగి గొట్టం కొసన ఒక్కో చుక్కా పడుతోంది.

"గుర్తులేదు," అంది డెలిత్.

"గుర్తులేదా! ఈ ఇంట్లో దాన్ని ముట్టుకునేది నువ్వొక్కదానివేగా? నేనొచ్చి చూసి కంగారులో అటూ ఇటూ తిప్పేశాను. ముందు ఎలా ఉందో నాకేం తెలుసు? కొంచెం వదిలేసి ఉంటావు. మామ్‌కి ఎనభై దాటాయి డెలిత్. ఎనభై."

ఆ మాట అని కారు తాళాలు తీసుకుని ఆసుపత్రికి వెళ్ళిపోయాడు. డెలిత్ వంటింట్లోకి వచ్చి ఏప్రన్ విప్పబోయి, విప్పకుండానే కుర్చీలో కూర్చుంది.

ముట్టుకునేది తనొక్కతే. అందులో అబద్ధం లేదు. సింకు పక్క అలమరలో ఉంటుంది బాయిలర్. ముందువైపు గడియారం లాంటి చిన్న బిళ్ళ, దాంట్లో ఒక ముల్లు. ముల్లు పచ్చగీత మీదుంటే ఇల్లు వెచ్చగా ఉంటుంది. కిందికి జారితే రేడియేటర్లు చల్లబడతాయి. జారినప్పుడల్లా అడుగున స్టీలు జడలా అల్లిన గొట్టం దగ్గర వాల్వ్ నల్లపిడి తిప్పి, వీధి నీళ్ళు కాసిని లోపలికి వదిలి, ముల్లు పచ్చగీతకు రాగానే కట్టెయ్యాలి. కట్టడం మరిచిపోతే ముల్లు ఎర్రగీత దాకా పోతుంది. అప్పుడు బాయిలర్ పగలకుండా ఎక్కువైన నీళ్ళు రాగి గొట్టంలోంచి బయటికి, సరిగ్గా మెట్టు మీదకి కారతాయి. పని అయ్యాక ఆ అల్లిక గొట్టం ఊడదీసి పక్కన పెట్టుకోవాలని, వాల్వ్ మూతికి ఇత్తడి బిరడా బిగించాలని బాయిలర్ పెట్టినవాడు చెప్పి పోయాడు. ఆ వీధిలో ఏ ఇంట్లోనూ ఎవరూ ఊడదీయరు. ఎప్పుడూ అక్కడే వేలాడుతుంటుంది. ఆదివారం పొయ్యిలో మాంసం ఎర్రబడుతుండగా ఒక చేత్తో బంగాళాదుంపలు తిరగేస్తూ, రెండో చేత్తో ఈ పని కానిచ్చేది డెలిత్. ఇన్ని చలికాలాలు చేసింది. చేస్తున్నట్టు ఎవరికీ తెలియదు. తెలియకపోవడం వల్ల అది పని కిందికి రాలేదు. ఇప్పుడు మొదటిసారి అందరికీ తెలిసింది, తప్పు కిందికి వచ్చింది గనక.

కట్టానా? కట్టే ఉంటాను. లేక తలుపు కొట్టారని సగంలో వదిలి లేచానా? పళ్ళు తోముకున్న సంగతి ఎవరికి గుర్తుంటుంది? రెండు ఆదివారాలుగా ముల్లు దిగనే లేదు. అదే బాగుపడిందిలే, ఒక పని తప్పిందని సంతోషించింది కూడాను. దిగకపోవడమే కాదు, కాస్త పైకి జరిగినట్టుంది. అప్పుడే అనుమానపడాల్సింది. ముల్లు తనంతట తాను పైకి జరగదని తెలియని మనిషి కాదు తను.

సాయంత్రం ఆడపడుచు రియన్ కార్డిఫ్ నుంచి ఫోన్ చేసింది. తుంటి ఎముక విరిగిందట. మర్నాడే ఆపరేషన్. ఏడ్చింది కాసేపు. ఏడుపు ఆపాక గొంతు సర్దుకుని మాట్లాడింది.

"నిన్నేమీ అనడం లేదు డెలిత్. మనుషులన్నాక మరుపుంటుంది. కానీ ఇంటికి వచ్చాక మామ్‌ని పగలంతా ఎవరో ఒకరు చూసుకోవాలి కదా. నాకా, బ్యాంకు. అన్నయ్యకా, బస్సు డ్యూటీ. నువ్వు స్కూలు మానేస్తే సరిపోతుంది. ఏదో పిల్లలకి భోజనం వడ్డించడమేగా. జరిగినదానికి నీకూ మనసు కుదుటపడుతుంది."

"సరే," అంది డెలిత్.

అంత తేలిగ్గా వచ్చింది ఆ మాట నోట్లోంచి. ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చింది, ఏ మాటకి సరే అన్నదో. స్కూలు వంటింట్లో పెద్ద వంటమనిషి నెస్టా ఈస్టర్‌కి పని మానేస్తోంది. ఆ తర్వాత ఆ వంటిల్లు నీదే డెలిత్ అని హెడ్మిస్ట్రెస్ పిలిచి మరీ చెప్పింది. వచ్చే సోమవారంలోగా ఒప్పుకున్నట్టు చెప్పాలి. ఆ సంగతి ఇంట్లో ఒకసారి ఎత్తింది. గ్లిన్ "బాగుంది" అని, "ఆవపిండి ఎక్కడుంది?" అని అడిగాడు. అత్త "ఇంకా పెద్ద మూకుడు తోముతావన్నమాట" అంది. అయినా ఆ కబురు డెలిత్ ఎవరికీ చూపని మిఠాయిలా దాచుకుంది. ఎన్ని కూరలు ఉండాలో, ఏ పిల్లాడికి ఏది పడదో, ఇవన్నీ తన మాట మీద జరుగుతాయి. పేరు పెట్టి అడుగుతారు. డెలిత్‌ని అడగండి అంటారు. అదంతా ఒక్క "సరే"తో పోయింది. పోనీ. ముసలావిడ తుంటి విరగ్గొట్టినదానికి ఇదేమంత శిక్ష?

ఎందుకంటే, వాల్వ్ సంగతి ఎలా ఉన్నా, విరగ్గొట్టింది తనే. అది డెలిత్‌కు ఒక్కదానికే తెలుసు.

ముందురోజు ఆదివారం రియన్ మొగుడితో సహా భోజనానికి వచ్చింది. వాళ్ళ బాయిలర్ చెడిపోయి వారం రోజులు చన్నీళ్ళు పోసుకున్నామని చెప్పుకొచ్చింది. గ్లిన్ కుర్చీలో వెనక్కి వాలాడు. "మాది చూడు. పెట్టిన రోజు నుంచి ఒక్కపూట మొరాయించలేదు. బాయిలరే కాదు, మా ఇల్లే అంత. దానంతట అదే నడుస్తుంది." అందరూ నవ్వారు. డెలిత్ అప్పుడు గ్రేవీ గిన్నె పట్టుకుని వంటింట్లోంచి వస్తోంది. తనూ నవ్వింది. అత్త గిన్నెలో చెంచా పెట్టి చూసి, "చల్లారింది, బాచ్," అంది. బాచ్ అంటే అక్కడి బొగ్గుగని లోయల్లో బంగారం అన్నట్టు. అత్త నోట అది ఎప్పుడూ ఏదో ఒక వంక చివరే వచ్చేది.

ఆ మాట రాత్రంతా పక్కలో రాయిలా గుచ్చింది. దానంతట అదే నడుస్తుంది. సోమవారం తెల్లారకముందే లేచి, చెత్త డబ్బా బయట పెడదామని పెరటి తలుపు తీసింది. మెట్టు మీద మంచు మెరుస్తోంది. గొట్టం కారుతోందని అప్పుడే చూసింది. అలాంటి పొద్దున చేసే పనేమిటో ఆమె చేతికి తెలుసు. బాయిలర్ అలమర కింద, చీపురు వెనక, ఉప్పు బకెట్ ఉంటుంది. చెయ్యి తనంతట తానే బకెట్ లాగింది. రేకు గరిటె ఉప్పులో గుచ్చింది. గుచ్చి ఆగిపోయింది. ఇల్లు దానంతట అదే నడుస్తుందిగా? నడవనీ. ఈ ఒక్క మెట్టూ ఎవరో ఒకరు చూడనీ. ఈ ఒక్క గరిటె ఉప్పూ ఈ ఇంట్లో ఇంకో మనిషి చల్లనీ. గరిటె వదిలేసింది. బకెట్ కాలితో వెనక్కి నెట్టింది. వీధి తలుపు తీసుకుని వెళ్ళిపోయింది.

దానికన్నా పెద్ద తప్పు ఇంకొకటుంది. కొండవీధి దిగుతుంటే ఆమెకు ఒళ్ళు తేలిగ్గా అనిపించింది. చలిలో నోటి నుంచి పొగ వస్తుంటే ఏదో పాట కూనిరాగం తీసింది. ఎన్నేళ్ళయింది పాడి. పాట పూర్తికాక ముందో, అయ్యాకో, అక్కడ ముసలావిడ రొట్టె అంచులు పట్టుకుని ఆ మెట్టు మీద కాలు పెట్టింది. ఉప్పు చల్లకపోవడాన్ని క్షమించుకోవచ్చేమో. ఆ పాటను ఎలా క్షమించుకోవాలో డెలిత్‌కు తెలియలేదు.

గ్లిన్ "కట్టేశావా లేదా" అని అడిగినప్పుడు అందుకే ఆమె గట్టిగా ఎదురు చెప్పలేదు. చెయ్యని తప్పు కింద చేసిన తప్పు దాక్కుంటుంది. వాల్వ్ నేనే వదిలేశానంటే అది మరుపు. ఉప్పు మానేశానంటే అది ఏమిటి? దానికి ఆమె దగ్గర పేరు లేదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. గ్లిన్ రోజూ డ్యూటీకి ముందు వెళ్ళొస్తున్నాడు. డెలిత్ స్కూలు అయ్యాక వెళ్తోంది. అత్త మందుల మగతలో ఉండేది. డెలిత్ నైట్‌గౌన్లు ఉతికి తెచ్చి, పాతవి సంచిలో పెట్టుకుని, కట్టుడుపళ్ళ డబ్బా కడిగి పెట్టి వచ్చేది. ఇంటికొచ్చాక ముల్లు చూసేది. ఎర్రలో ఉండేది. ఒక రేడియేటర్ మూలనున్న మర తిప్పి గిన్నెలోకి నీళ్ళు వదిలితే ముల్లు కిందికి దిగేది. పొద్దున్నకి మళ్ళీ ఎర్రలోనే. బయట మెట్టు మీద చుక్కలు ఆగలేదు. ఇప్పుడు మాత్రం రెండు పూటలా ఉప్పు చల్లేది, మెట్టు కనబడనంతగా.

గురువారం స్కూల్లో కస్టర్డ్ కలుపుతుంటే నెస్టా పక్కకొచ్చి నిలబడింది.

"నీ మొహం చూసి కస్టర్డ్ విరిగిపోయేలా ఉందే. మీ అత్త బాగానే ఉందన్నావుగా?"

"బాగానే ఉంది. నెస్టా, నేను ఉద్యోగం మానేస్తానేమో."

"ఎవరు చెప్పారు?"

"ఎవరో చెప్పడమేమిటి? వాల్వ్ నేనే వదిలేశాను."

"వదిలేశావా, వదిలేశావన్నారా?"

డెలిత్ గరిటె ఇంకా గట్టిగా తిప్పింది.

"ఆ రోజు తర్వాత దాన్ని కట్టింది ఎవరు?"

"గ్లిన్. పిడి విరిగిపోతుందేమో అన్నంత బిగించాడు."

"మరి ముల్లు?"

"తెల్లారేసరికి మళ్ళీ ఎర్రలో."

నెస్టా పకపకా నవ్వింది. వడ్డించే పిల్లలు తిరిగి చూశారు. "ఓసి పిచ్చిదానా! మీ ఆయన కట్టినా కారుతోందంటే ఇంక నీ చెయ్యి ఎక్కడుందే దాంట్లో? వాల్వే చచ్చింది. మా ఇంట్లోనూ ఇంతే. రెండు కొసలూ కట్టేసి, ఆ గొట్టం ఊడదీసి, కింద కప్పు పెట్టు. కప్పు పొడిగా ఉంటే నువ్వు దొంగ. తడిస్తే వాల్వ్ దొంగ."

"ఊడదీయడం నాకేం వచ్చు?"

"ఇంత లావు పిండి మిషను రోజూ ఊడదీసి కడుగుతావు. జడంత గొట్టం ఊడదీయలేవా? ఇంట్లోకి అడుగు పెడితే చేతులు పడిపోతాయా నీకు?"

శనివారం పొద్దున గ్లిన్ వంటింటి బల్ల దగ్గర పేపర్ చదువుకుంటున్నాడు. డెలిత్ అలమర తలుపులు బార్లా తీసి, నేల మీద పాత తువ్వాలు పరిచి, మోకాళ్ళ మీద కూర్చుంది. గ్లిన్ పేపర్ మీద నుంచి చూశాడు.

"ఏం చేస్తున్నావ్? ముట్టుకోకు. మనిషిని పిలుద్దాం."

"ఆకుల కాలం నుంచి పిలుద్దామంటూనే ఉన్నావు."

ఆకులు రాలేటప్పుడే చెప్పింది. పిడి మెత్తగా తిరుగుతోంది, చివర పట్టు తెలియడం లేదు, ఎవరినైనా పిలువు అని. "నీకు తిప్పడం రాక. సరేలే, పిలుద్దాం," అన్నాడు అప్పుడు. ఇప్పుడు ఆ మాట ఎత్తలేదు తను. అతనూ ఎత్తలేదు.

నల్లపిడి గొట్టానికి అడ్డంగా ఉంది. అంటే కట్టి ఉంది. అవతలి కొసన రెండో వాల్వ్‌కి పిడి లేదు, చిన్న గాడి ఉంది. ఇన్నేళ్ళలో దాన్ని ఎవరూ తాకలేదు. స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పితే మొదట మొండికేసి, తర్వాత కిర్రుమని తిరిగింది. పానాతో ఆ కొసన గొట్టం మర వదులు చేసింది. గొట్టంలో నిలిచిన నీళ్ళు బుడుక్కున తువ్వాలు మీద పడ్డాయి. ఇల్లంతా మునిగిపోతుందేమో, ఇదీ నా నెత్తినే పడుతుందేమో అనిపించింది. మునగలేదు. నీళ్ళు ఆగాయి. బల్ల మీద కప్పు ఒకటి అందుకుని గొట్టం కొస కింద పెట్టింది.

"అది నా కప్పు," అన్నాడు గ్లిన్.

"కడుగుతాలే. ఎప్పుడూ కడుగుతూనే ఉన్నాగా."

ఇద్దరూ చూస్తున్నారు. గొట్టం కొసన నీటి బొట్టు ఉబ్బింది. ఉబ్బి, పడింది. టప్. ఇంకొకటి. ఆ తర్వాత ఆగకుండా. కప్పు అడుగు నిండింది. డెలిత్ పిడిని ఇంకా బిగించి చూసింది. చుక్కల వరస మారలేదు. కప్పు సగమైంది.

"చూడు," అంది. "కట్టే ఉంది. అయినా వస్తోంది. నేను వదిలెయ్యలేదు."

గ్లిన్ వంగి చూశాడు. పిడిని తన చేత్తో కూడా ఒకసారి నొక్కి చూశాడు. నిటారుగా నిలబడి, పేపర్ మడిచి చంకలో పెట్టుకున్నాడు. కాసేపటికి నవ్వు లాంటిది ఒకటి వచ్చింది అతని మొహం మీదికి.

"సరే, ఒప్పుకున్నా. మరి ఇన్నేళ్ళూ తిప్పి తిప్పి దాన్ని అరగదీసింది ఎవరు?"

హాస్యానికే అన్నాడు. చెడ్డవాడు కాదు. ఆ రాత్రి డ్యూటీ నుంచి వస్తూ ఆమెకు ఇష్టమని చేపల దుకాణంలో వేడివేడి చేప, బంగాళాదుంప ముక్కలు కట్టించుకుని వచ్చాడు కూడా. కానీ ఆ మాట వినగానే డెలిత్‌కు మొహం భగ్గుమంది. నిజమే, నేనే అరగదీశాను అనిపించింది. అనిపించాక ఒక్క క్షణం తనని తాను పక్కనుంచి చూసుకుంది. చేతిలో తడిసిన కప్పు ఉంది. సాక్ష్యం ఉంది. అయినా తప్పు నాదే అనే మాట లోపల ఎంత సిద్ధంగా ఉంది! ఎవరు వేలెత్తినా ఆ వేలి దగ్గరికి తనే వెళ్ళి నిలబడుతోంది. పెళ్ళై వచ్చిన కొత్తలో వాన పడి చాపెల్ ప్రార్థన మందిరంలో విందు పాడైతే అత్త వైపు చూసి "సారీ మామ్" అన్న మనిషి తను. వానకి. ఆ మాట ఇప్పుడు గుర్తొచ్చి, మోకాళ్ళ మీద ఉండగానే నవ్వొచ్చింది. నవ్వు మధ్యలో ఆగింది. ఇవన్నీ తీసేస్తే, వానా వాల్వూ అన్నీ తీసేస్తే, అడుగున ఒకటి మిగులుతుంది. అది ఎవరూ వేలెత్తనిది. అది మాత్రం నిజంగా తనది.

గొలుసుకు వేలాడుతున్న ఇత్తడి బిరడా, బాయిలర్ పెట్టిన రోజు నుంచి ఎవరూ వాడనిది, తుడిచి, గొట్టం రెండో కొస కూడా విప్పి, వాల్వ్ మూతికి బిగించింది. చుక్కలు ఆగాయి. ముల్లు పచ్చగీతకు దించింది. ఆదివారం పొద్దున లేచి చూస్తే ముల్లు అక్కడే ఉంది. పెరట్లో గొట్టం కొస పొడిగా ఉంది. ఊడదీసిన అల్లిక గొట్టాన్ని కాగితంలో చుట్టి, కొత్త వాల్వ్ కొనేటప్పుడు కొలతకని చేతిసంచిలో వేసుకుంది. ఆదివారం మధ్యాహ్నం ఆ సంచితోనే ఆసుపత్రికి వెళ్ళింది. గ్లిన్ కార్డిఫ్ బండి దిగే రియన్‌ని ఎక్కించుకుని తర్వాత వస్తానన్నాడు.

అత్త మెలకువగా ఉంది. దిండుకి ఆనుకుని, పళ్ళు పెట్టుకుని, పక్క మంచం ఆవిడ మీద గొణుగుతోంది. "రాత్రంతా గురక. బొగ్గు బండి నయం. నువ్వొచ్చావా? ఆ నీలం గౌను తెచ్చావా? ఇస్త్రీ అయిందా?"

"అయింది మామ్." డెలిత్ గౌను తీసి పెట్టింది. కుర్చీ దగ్గరికి జరుపుకుంది. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేనని తెలుస్తోంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"మామ్, మీరు పడిన రోజు పొద్దున మెట్టు మీద మంచు నేను చూశాను."

అత్త ఆమె వైపు తల తిప్పింది.

"ఉప్పు బకెట్ తీశాను కూడా. చల్లలేదు. మరిచిపోయి కాదు. కావాలనే చల్లలేదు."

పక్క మంచం మీద గురక మొదలైంది. అత్త దుప్పటి అంచు వేళ్ళతో మడిచింది, విప్పింది.

"నేనూ చూశాను."

"ఏం చూశారు?"

"మంచు. కిటికీలోంచి. మెరుస్తోంది. గ్లిన్‌కి చెప్పాను, ఒరే, మెట్టు మీద ఏదో మెరుస్తోందిరా అని. పేపర్ దించలేదు వాడు. డెలిత్ ఉప్పు చల్లే ఉంటుందిలే మామ్ అన్నాడు. నాకూ అదే అనిపించింది. ఈ పిల్ల చల్లకుండా వెళ్ళదులే అని కాలు పెట్టాను."

"చూసి కూడానా?"

"చూసి కూడా. నీ మీద అంత నమ్మకం, బాచ్."

ఇన్నేళ్ళలో అత్త నోట వచ్చిన మెప్పు అదొక్కటే. అది వినడానికి ఆమె తుంటి విరగాల్సి వచ్చింది. డెలిత్ తల దించుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తిడితే బాగుండేది. తిడితే కొంత తీరేది. ఈ నమ్మకాన్ని ఎక్కడ పెట్టుకోవాలి? ముగ్గురికి తెలుసు ఆ మంచు సంగతి. ఒకరు చెప్పారు, ఒకరు పేపర్ దించలేదు, ఒకరు గరిటె వదిలేశారు. కానీ వారం రోజులుగా నిద్రపట్టనిది ఒక్కరికే.

"ఎందుకు చల్లలేదు?" అడిగింది అత్త. కోపంగా కాదు. తెలుసుకుందామని.

"నేను కాక ఇంకెవరైనా చూసుకుంటారేమోనని."

అత్త గోడ వైపు చూస్తూ ఉంది. "గ్లిన్ వాళ్ళ నాన్న గనిలోకి దిగే రోజుల్లో ఒకనాడు నేను తిండి డబ్బా ఖాళీగా ఇచ్చాను. మూత పెట్టి ఇచ్చాను. ఏమంటాడో చూద్దామని. పైకొచ్చి ఏమీ అనలేదు. ఎవరో పెట్టింది తిన్నాడట. మర్నాడు నేనే రెండు రొట్టెలు ఎక్కువ పెట్టాను. ఆయనకు తర్వాత గుర్తు కూడా లేదు. నేను ఇప్పటికీ మరిచిపోలేదు." ఆగి, "మళ్ళీ ఎప్పుడూ అలా చెయ్యలేదు. చేసి ఉండాల్సింది," అంది.

అంతలో గ్లిన్, రియన్ వచ్చారు. రియన్ ద్రాక్షపళ్ళ సంచి మంచం మీద పెట్టి తల్లిని ముద్దు పెట్టుకుంది. అటూ ఇటూ మాట్లాడి డెలిత్ వైపు తిరిగింది.

"బుధవారం పంపించేస్తారట. పగలు ఇంట్లో ఎవరుంటారని నర్సు అడిగింది. నీ పేరు చెప్పాను. స్కూల్లో చెప్పేశావా?"

"రేపు చెప్తాను," అంది డెలిత్. "ఈస్టర్ నుంచి వంటిల్లు తీసుకుంటున్నానని."

రియన్ అన్నవైపు చూసింది. గ్లిన్ గొంతు సవరించుకున్నాడు. "డెలిత్, అది... వాల్వ్ నీ తప్పు కాదులే, ఒప్పుకున్నాగా. కానీ మామ్‌ని..."

"వాల్వ్ కాదు గ్లిన్. ఆ పొద్దున మంచు చూసి కూడా నేను ఉప్పు చల్లలేదు. మామ్‌కి చెప్పాను. అది నా తప్పే. ఎవరు పొమ్మన్నా అది నన్ను వదిలి పోదు. కానీ ఉద్యోగం మానను. మానితే ఆ తప్పు తగ్గదు. మామ్ తుంటి అతకదు. మూడింటికి స్కూలు అయ్యాక ఇంటికొచ్చి రాత్రిదాకా నేను చూసుకుంటాను. పొద్దున నువ్వు చూడు. నీ డ్యూటీ సాయంత్రం కదా. శని, ఆదివారాలు రియన్."

రియన్ నోరు తెరిచి, "నువ్వు కావాలని..." అని ఆగిపోయింది. ద్రాక్షగుత్తి లోంచి ఒక పండు తెంపింది, తినలేదు. గ్లిన్ మొహం ఎర్రబడింది. తల్లివైపు తిరిగాడు, ఆమె ఏదైనా అంటుందని.

"నాకు పొద్దున్నే చేయించాల్సినవి చాలా ఉంటాయిరా," అంది ఓల్వెన్. "నీకు వచ్చా?"

"నేర్చుకుంటాలే మామ్, అదేం పెద్ద..."

"ఈ వారమంతా మంచు పడుతుందట. రేడియోలో చెప్పారు. బుధవారం నన్ను తెచ్చేది ఆ పెరటి దారినే. వీధి వైపు మెట్లు ఎక్కలేను."

"ఉప్పు చల్లుతాను. నేనే చల్లుతాను. సరేనా?"

"ఆ ఉప్పు ఇంట్లో ఎక్కడుంటుందిరా?"

గ్లిన్ డెలిత్ వైపు చూశాడు. రియన్ కూడా చూసింది. ముసలావిడ మాత్రం కిటికీ వైపు తిరిగి ఉంది. బాయిలర్ అలమర కింద, చీపురు వెనక అని డెలిత్ నాలుక చివరిదాకా వచ్చింది. గుండెలో ఆ పాత బరువు అలాగే ఉంది. ఒక ఇసుమంత కూడా తగ్గలేదు. ఆ బరువుతోనే ఆమె లేచి, అత్త విడిచిన గౌను మడిచి సంచిలో పెట్టి, చెప్పకుండా కూర్చుంది.